కుక్క గోళ్లు తీయడానికి బలప్రయోగం వద్దు

సంపాదకుల వారికి,

ఆర్యా,

కుక్కకాటు గురించి, వీధికుక్కల సమస్య గురించి మీ పత్రికకు పాఠకుల లేఖలు తరచుగా వస్తుంటాయి. ఇంట్లో ముద్దుగా పెంచుకునే కుక్క తన మనుషులనే కరిచే సందర్భాల గురించి మాత్రం పెద్దగా చర్చ జరగదు. అటువంటి సందర్భాల్లో గోళ్లు కత్తిరించడం ఒకటి. పట్టణాల్లో కుక్కల పెంపకం పెరిగిన కొద్దీ ఇది చాలా ఇళ్లలో ఎదురయ్యే ఇబ్బందిగా మారుతోంది కనుక, దీని గురించి కొంత వివరంగా రాయడానికి అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఈ మధ్య మా ప్రాంతంలోని ఒక గ్రూమింగ్ దుకాణంలో ఒక లాబ్రడార్‌కు గోళ్లు తీస్తుండగా దగ్గరుండి చూశాను. దాన్ని బల్ల మీదికి ఎక్కించి, మెడకు తాడు బిగించి, ఒకరు నడుము మీద బరువు ఆన్చి అదిమి పట్టుకుంటే, మరొకరు ముందుకాలు గుంజి కత్తెర వేశారు. ఆ కుక్క మొదట పెదవులు నాకింది, తర్వాత ఆవులించింది, తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసింది, ఆపైన కొయ్యబారిపోయింది. కాసేపటికి ఒక గోటి నుంచి రక్తం చిమ్మింది. అది కుయ్యోమని అరిచి ఎదురుగా ఉన్న చేతిని అందుకోబోయింది. "మొండిది సార్, దీనితో ఎప్పుడూ ఇంతే" అన్నాడు పనివాడు. యజమాని దాని మూతి మీద ఒక దెబ్బ వేశాడు. నోరులేని ఆ జీవి తనకు భయంగా ఉందని నాలుగు రకాలుగా చెప్పింది, అక్కడున్న ముగ్గురిలో ఒక్కరూ పట్టించుకోలేదు. దాన్ని మొండితనం అనడం అన్యాయం.

అసలు గోళ్లు ఎందుకు తీయాలని కొందరు అడుగుతారు. రోజంతా మట్టి మీద, కంకర మీద, రోడ్ల మీద తిరిగే వీధికుక్కకు ఆ అవసరం చాలావరకు ఉండదు, గోళ్లు వాటంతట అవే అరిగిపోతాయి. టైల్స్ మీద, గ్రానైట్ మీద తిరుగుతూ ఉదయం సాయంత్రం కాసేపు మాత్రమే బయటికి వెళ్లే అపార్ట్‌మెంట్ కుక్కకు ఆ అరుగుదల లేదు. గోరు పెరిగి నేలకు తగులుతుంటే వేళ్లు పైకి నెట్టుకుపోయి పక్కలకు విచ్చుకుంటాయి, అడుగు వేసే తీరే మారిపోతుంది. నున్నటి నేల మీద కాళ్లు జారతాయి. కీళ్లనొప్పులున్న ముసలి కుక్కకు ఇది మరింత బాధ. ముందుకాలి లోపలివైపు బొటనవేలిలా పైకి ఉండే డ్యూ క్లా అసలు నేలకే తగలదు కాబట్టి ఎంత తిరిగే కుక్కకైనా అది అరగదు. పట్టించుకోకపోతే గుండ్రంగా తిరిగి పక్కనున్న చర్మంలోకే దిగబడుతుంది. బొచ్చు ఎక్కువగా ఉండే జాతుల్లో అది చీము పట్టేదాకా యజమానికి కనిపించదు. కుక్క నడుస్తుంటే గది అవతలి నుంచి కూడా టకటకమని గోళ్ల చప్పుడు వినిపిస్తోందంటే కత్తిరించే సమయం వచ్చిందని అర్థం.

కత్తిరించడంలో ఉన్న కష్టమంతా గోరు నిర్మాణంలో ఉంది. పైపెంకు లోపల రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తని భాగం ఒకటి ఉంటుంది. పశువైద్యులు దాన్ని క్విక్ అంటారు. తెల్లగోళ్ల కుక్కలో అది గులాబీరంగులో బయటికే కనిపిస్తుంది. మన దేశవాళీ కుక్కల్లో, లాబ్రడార్లలో, రాట్‌వీలర్లలో చాలావాటికి గోళ్లు నల్లగా ఉంటాయి, లోపల ఏముందో కనిపించదు. అందుకే నల్లగోరును ఒక్క వేటుతో తీయకూడదు. కొన నుంచి పలుచని బిళ్లలుగా తీస్తూ, ప్రతిసారీ కోసిన ముఖాన్ని చూడాలి. మొదట సుద్దలా పొడిగా తెల్లగా ఉంటుంది. ఇంకా లోపలికి వెళితే మధ్యలో ముదురురంగు చుక్క ఒకటి తేలుతుంది. అది కనిపించిన చోటే ఆగాలి. నెలల తరబడి వదిలేసిన గోటిలో ఆ మెత్తని భాగం కూడా ముందుకు పెరిగి ఉంటుంది కాబట్టి ఒకేరోజు పొట్టిగా చేయాలని చూస్తే తప్పక తెగుతుంది. వారం పది రోజులకొకసారి కొనలు మాత్రం తీస్తూ ఉంటే అదే క్రమంగా వెనక్కి జరుగుతుంది. పొరపాటున రక్తం వస్తే కంగారుపడి పరుగులు పెట్టకుండా రక్తాన్ని ఆపే స్టిప్టిక్ పొడిని గానీ, అది లేకపోతే మొక్కజొన్న పిండిని గానీ అద్ది కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకుంటే సాధారణంగా ఆగుతుంది. ఆగకపోతే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.

ఒకసారి రక్తం చూసిన కుక్క కత్తెరను మరచిపోదు. రెండోసారి మరింత గింజుకుంటుంది, మనం మరింత మందిని పోగుచేసి అదిమి పడతాం, మూడోసారికి అది కత్తెర ఉన్న గదిలోకే రాదు. ఈ వలయాన్ని బలంతో తెంచలేమన్నదే నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది. పని ఎలాగోలా పూర్తయిందనుకునే ప్రతి బలవంతమూ తర్వాతి పనిని ఇంకా కష్టం చేస్తుంది.

దీనికి జంతువుల ప్రవర్తన తెలిసిన వైద్యులు, శిక్షకులు చెప్పే దారి నెమ్మదైనది, కాని నిలిచేది. ముందు కత్తెర ఊసే లేకుండా కుక్క భుజాన్ని తాకి, వెంటనే దానికి ఇష్టమైన ముక్క ఒకటి పెట్టాలి. అది నిమ్మళంగా ఉంటే చేతిని మోచేతికి, తర్వాత పాదానికి, ఆ తర్వాత ఒక్కొక్క వేలికి జరపాలి. కాలు లాక్కుంటే వెంటపడకుండా ఒక మెట్టు వెనక్కి రావాలి. పాదం ధీమాగా ఇచ్చే దశకు వచ్చాక కత్తెరను చూపించి ముక్క పెట్టడం, చప్పుడు వినిపించి ముక్క పెట్టడం, కత్తెరను గోటికి తాకించి తీసేయడం జరగాలి. చివరికి ఒక్క గోరు, అదీ కొన మాత్రమే తీసి, ఆ పూటకు ఆపేయాలి. రోజుకొక గోరు తీసినా నెల తిరిగేలోపు అన్నీ పూర్తవుతాయి. మొత్తం ఒక్క ఆదివారమే అయిపోవాలన్న తొందర మనదే గాని కుక్కది కాదు.

పెట్టే ముక్క విషయంలో జాగ్రత్త అవసరం. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, కోడిగుడ్డు, కాస్త పన్నీరు చాలు. కూరలోని ముక్కలు పెట్టకూడదు, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు హాని చేస్తాయి. విదేశీ వీడియోలు చూసి గోడకో పళ్లేనికో వేరుశనగ వెన్న రాసి నాకించే అలవాటు ఇక్కడికీ వచ్చింది. అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని సీసా మీద చదివి నిర్ధారించుకోవాలి, అది కుక్కలకు విషం.

కత్తెర అంటేనే వణికిపోయే కుక్కలకు ఒక చెక్కపలక మీద శాండ్‌పేపర్ అంటించి, దాన్ని పాదంతో గీరడం నేర్పవచ్చు. తన గోళ్లను తానే అరగదీసుకునే కుక్కకు భయపడవలసిన పని ఉండదు. ముందుకాళ్లకు ఇది బాగా పనికివస్తుంది. కరిచే ప్రమాదం ఉన్నదనుకుంటే, నోరు తెరిచి రొప్పడానికి వీలుండే బుట్టలాంటి చిక్కాన్ని మూతికి వేయాలి, దాన్ని కూడా ముక్కలు పెడుతూ ముందే అలవాటు చేయాలి. మూతికి గుడ్డ బిగించి కట్టడం మన ఎండల్లో ప్రాణాపాయం, ఎందుకంటే కుక్క ఒంటివేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది.

ఇంత చేసినా లొంగని కుక్కలు ఉంటాయి. వాటికి పశువైద్యుడు పరీక్షించి, బరువును బట్టి గబాపెంటిన్, ట్రాజొడోన్ వంటి భయం తగ్గించే మందులు ముందుగా ఇస్తాడు, అవసరమైతే ఆసుపత్రిలోనే మత్తు ఇచ్చి గోళ్లు తీస్తాడు. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఇంట్లో మనుషులకు రాసిన నిద్రమాత్రో నొప్పిమాత్రో సగం విరిచి వేయడం మాత్రం దారుణమైన పని. పాదానికి గాయమో, వేళ్ల మధ్య గోమారులో, కీళ్లలో నొప్పో ఉండి కాలు ముట్టుకోనివ్వని కుక్కలు కూడా ఉంటాయి కనుక, ఉన్నట్టుండి ఎదురుతిరగడం మొదలుపెట్టిన కుక్కను ముందు డాక్టరుకు చూపించాలి.

ఈ పెనుగులాటలో మనిషికి తగిలే గీతలను మనవాళ్లు లెక్కచేయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం రేబిస్ అనుమానం ఉన్న జంతువు వల్ల రక్తం రాని చిన్న గీత పడినా అది రెండో తరగతి గాయం, దానికి టీకా అవసరం. చర్మం చీలి రక్తం వస్తే మూడో తరగతి, టీకాతో పాటు వెంటనే రక్షణనిచ్చే ప్రతిరక్షకాల మందు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. ఇంటి కుక్కే కదా అని ఊరుకోకుండా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, కుక్క టీకా పుస్తకం వెంట తీసుకుని డాక్టరును కలవాలి.

ఈ విషయంలో ప్రభుత్వానికి, పశువైద్యులకు ఒక విన్నపం. కుక్కపిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకా వేస్తారు, ఆ తర్వాత 16 వారాల వరకు మూడు నాలుగు వారాలకొకసారి తీసుకురమ్మంటారు. కొత్త స్పర్శలను, కొత్త మనుషులను పిల్ల సులువుగా స్వీకరించే వయసు కూడా సుమారుగా మూడు నుంచి 14 వారాల మధ్యనే. అంటే నేర్పవలసిన వయసులోనే అది ఆసుపత్రికి వస్తోంది. సూది వేసిన తర్వాత మరో ఐదు నిమిషాలు పాదం ఎలా పట్టుకోవాలో, గోరు ఎక్కడిదాకా తీయాలో యజమాని చేతితోనే చేయించి చూపిస్తే చాలు. పాడిపశువుల తాకిడితో గ్రామీణ పశువైద్యశాలల్లో సిబ్బందికి ఊపిరి సలపదని నాకు తెలుసు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం తమ విద్యార్థులను ఈ పనికి పంపితే వారికీ అభ్యాసం అవుతుంది. ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినోత్సవం సందర్భంగా మన రెండు రాష్ట్రాల్లోనూ ఉచిత రేబిస్ టీకా శిబిరాలు జరుగుతాయి, వందల కుక్కలు వరుసలో నిలబడతాయి. ఆ శిబిరంలో ఒక మూల బల్ల వేసి గోళ్ల సంరక్షణ చూపించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

గ్రూమింగ్ దుకాణాల వారు మెడకు తాడు బిగించి పనిచేయించే పద్ధతిని మానుకోవాలి, లొంగని కుక్కను డాక్టరు దగ్గరికి పంపించాలి. జంతువును తన అధీనంలో ఉంచుకున్నవారు దానికి అనవసరమైన బాధ కలగకుండా చూడాలని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. దుకాణంలో ఉన్నంతసేపూ కుక్క వారి అధీనంలోనే ఉంటుంది. ఇక కుక్కను అక్కడికి పంపే యజమానులు డబ్బు కట్టి బయట కూర్చోకుండా, గోళ్లు తీసేటప్పుడు పక్కనే ఉంటామని అడగాలి. కుదరదన్న దుకాణం నుంచి కుక్కను వెంటనే వెనక్కి తీసుకురావాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ