దిశ వాదులాటలో మరుగునపడిన చట్టం

సంపాదకులకు,

ఆడవాళ్లపై నేరాలకు త్వరగా శిక్ష వేసేందుకు తెచ్చిన దిశ బిల్లును 2019లో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించినా రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. ఆ తప్పు మీదంటే మీదని పార్టీలు తిట్టుకుంటుంటే, 2006 నుంచీ అమల్లో ఉన్న గృహహింస చట్టం ఊసెత్తేవాళ్లు లేరు.

ఈ చట్టం కింద బాధితురాలి దరఖాస్తు కోర్టుకు అందాక మామూలుగా మూడు రోజుల్లో తొలి విచారణ మొదలవాలి. 60 రోజుల్లో పరిష్కరించేందుకు కోర్టు ప్రయత్నించాలి. బండి ఆగేది భర్తకు పంపే నోటీసు దగ్గరే. శ్రీకాకుళం జిల్లా నుంచి ఎందరో మగవాళ్లు హైదరాబాదు, చెన్నై వలసపోతారు. దరఖాస్తులో ఊరి చిరునామా ఒక్కటే రాస్తే ‘ఇంట్లో లేరు’ అని కవరు తిరిగొస్తుంది, వాయిదా పడుతుంది. పనిచేసే చోటు, మేస్త్రీ ఫోన్ నంబరు కూడా రాయండి. కేసు భర్త ఊళ్లోనే వేయక్కర్లేదు, కన్నవారింట ఉంటే అక్కడి కోర్టులోనే వేయవచ్చు. దెబ్బలుంటే ఆస్పత్రి చీటీ జతచేయాలి. అవతలివాళ్లు రాకపోయినా మీరిచ్చే అఫిడవిట్ (ప్రమాణపత్రం) మీద కోర్టు మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేదాకా వర్తించే ఆదేశం ఇవ్వొచ్చు, అయితే అడగాలి. ఎంత ఆదాయమున్నా ఆడవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

కోర్టు ఇచ్చిన నోటీసును రెండు రోజుల్లో అందించాల్సింది రక్షణాధికారి, అంటే ఈ చట్టం కింద బాధితులకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే అధికారి. పూర్తికాలం రక్షణాధికారుల కోసం అధికార, ప్రతిపక్షాలు రెండూ సభలో పట్టుబట్టాలి.

– న్యాయ సహాయ కార్యకర్తలు, పలాస