తిలంగా అంటే మనవాళ్ళేనా?

ఒరేయ్ సుబ్బూ,

ఉత్తరం అందింది. పట్నాలో మీ ఇంటి యజమాని తండ్రిగారు నువ్వు తెలుగువాడివని విని "అయితే తిలంగావన్నమాట" అని నవ్వారని రాశావు. అది తిట్టా, పొగడ్తా అని నీ సందేహం. రెండూ కాదురా, సిపాయి అన్నారు. అదీ పాతకాలపు సిపాయి. పెద్దాయనకు చరిత్ర తెలిసినట్టుంది, స్నేహం చేసుకో.

1756 జూన్‌లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ నుంచి కలకత్తాను పట్టుకున్నాడు కదా. దాన్ని మళ్ళీ గుంజుకోవడానికి కంపెనీ సేనాని క్లైవు, నౌకాసేనాని వాట్సన్ అక్టోబరులో మద్రాసు నుంచి ఓడలెక్కారు. వాళ్ళ వెంట తెల్లవాళ్ళతో పాటు మద్రాసు సిపాయిలూ వెళ్ళారు. తెలంగ దేశపు దిక్కు నుంచి వచ్చారు కాబట్టి బెంగాల్ జనం వాళ్ళను తిలంగాలు అన్నారు. మరుసటి ఏడు ప్లాసీ యుద్ధం. అదే ఏడాది క్లైవు బెంగాల్లోనే ఒక పటాలం కట్టాడు. ఎర్రకోట్లు తొడిగించాడు కాబట్టి దానికి లాల్ పల్టన్ అని పేరు. అందులో చేరింది ఉత్తరాది వాళ్ళు. అయినా ఎర్రకోటు, తుపాకీ, కవాతు అన్నీ అవే కనుక పేరూ అదే అంటుకుంది. ఉడిపి హోటల్ నడిపేవాడు ఉడిపి నుంచే రావాలని ఉందా?

అక్కణ్ణుంచి ఆ మాట మనల్ని పూర్తిగా వదిలేసి తన దారిన తాను పోయింది. తర్వాత బెంగాల్ నవాబైన మీర్ ఖాసిం ఇంగ్లీషువాళ్ళ మీద పోరాడటానికి మీ పక్కనే ముంగేరులో తిలంగాలను తయారుచేసుకున్నాడు. మరాఠా సర్దారు మహాద్‌జీ సింధియా కొలువులో ద బాయిన్ అనే, ఐరోపాలోని సవాయ్ నుంచి వచ్చిన దొర నడిపిన పటాలాల్లోనూ తిలంగాలున్నారు. సొంత బట్టలతో, వత్తి అంటించి పేల్చే తోడాదారు తుపాకులు పట్టేవాళ్ళు నజీబులు, కోటు తొడిగి బాయ్‌నెట్ పట్టినవాళ్ళు తిలంగాలు. నేపాలీలోనూ సిపాయిని తిలంగా అనేవారు.

నాకు బాగా నవ్వు తెప్పించేది 1758 ముచ్చట. కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి దాదాపు 2000 మంది సిపాయిలతో విశాఖపట్నంలో దిగి, విజయనగరం ఆనంద గజపతిరాజుతో కలిసి డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. మన ఊరి పేరు మోస్తూ మన ఊరికే వచ్చారు, ఒక్క ముక్క తెలుగు రాకుండా!

1857 దాకా అదే వరస. మే 11న మీరట్ నుంచి ఢిల్లీలోకి వచ్చిపడ్డ సిపాయిలను ఊరివాళ్ళు తిలంగాలనే అన్నారు. తిలంగాలు దుకాణాలు దోచుకుంటున్నారని బహదూర్ షా దర్బారుకు ఫిర్యాదులు వెళ్ళాయి. ఇది చదివి మనవాళ్ళు కొందరు "ఢిల్లీ తిరుగుబాటు చేసింది తెలుగువాళ్ళే" అని మీసం మెలేస్తుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహార్ పల్లెల బ్రాహ్మణులు, రాజపుత్రులు. అసలైన తెలుగు తిలంగాల సంగతి చూద్దామా అంటే, వాళ్ళు పోరాడింది కంపెనీ జీతానికి, బెంగాల్‌ను కంపెనీ చేతిలో పెట్టడానికి. దానికి మీసం మెలేసేవాడు ఒక్కడూ కనపడడు.

ఆ పెద్దాయనను ఒక సంగతి అడిగి రాయి. వాళ్ళ ఇంట్లో ఆ మాట ఎవరి నోట విన్నారో, వాళ్ళ తాతల్లో ఎవరైనా పటాలంలో పనిచేశారేమో. ఆయన తాతే తిలంగా అయి ఉంటే, ఆ పేరు మీద నీకన్నా ఆయనకే హక్కు ఎక్కువ.

నీ
శీను