పెద్ద ఫ్లోర్ మూస్తున్నాం, కారణం ఇదీ

మన స్టూడియోకి ఏళ్ళుగా వస్తున్న ఫొటోగ్రాఫర్లకు, షార్ట్ ఫిల్మ్ టీములకు, చీరల షాపుల వాళ్ళకు, పిల్లల మొదటి పుట్టినరోజు షూట్ల కోసం వచ్చే తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి పెద్ద ఫ్లోర్ బుకింగులు ఆపేస్తున్నాం. అక్కడున్న తెల్లటి సైక్ వాల్, అంటే మూల కనిపించకుండా వంపు తిరిగి నేలతో కలిసిపోయే బ్యాక్‌గ్రౌండ్ గోడ, మొత్తం పీకించి కొత్తది కట్టిస్తున్నాం. సంక్రాంతి దాటాక, రథసప్తమి లోపు మళ్ళీ తెరవాలన్నది ప్రయత్నం. చిన్న ఫ్లోరూ, మేకప్ రూములూ, లైట్లూ, జెన్‌సెట్టూ ఎప్పటిలాగే ఉంటాయి. పెద్ద ఫ్లోర్‌కి అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకు ఈ వారంలోనే మొత్తం డబ్బు వెనక్కి పంపిస్తాం. పనికి సంబంధించిన కబురు ఇంతే. కానీ కార్తీకంలో, ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడు ఫ్లోర్ మూస్తే విశాఖలో రకరకాలుగా అనుకుంటున్నారు. స్టూడియో అమ్మేశారని ఒకరు, పెందుర్తి వైపు మారిపోతున్నారని ఇంకొకరు. ఆ మాటలు మీదాకా రాకముందే జరిగింది జరిగినట్టు నేనే చెప్పాలి.

శ్రావణంలో ఒక నగల షూట్ జరుగుతుండగా ఫొటోగ్రాఫర్ నన్ను మానిటర్ దగ్గరికి పిలిచారు. లైటు ఎదురుగా పెట్టి బ్యాక్‌గ్రౌండ్‌ని తెల్లగా పేల్చేస్తే గోడలో ఏ లోపమూ కనిపించదు. ఆ రోజు ఆయన లైటు పక్కనుంచి, గోడను రాసుకుంటూ వెళ్ళేలా పెట్టారు. నేల గోడతో కలిసే వంపు మీద సన్నటి అలలు తేలాయి. ఒక్కో ఫొటోలో ఆ నీడలు చెరపడానికి రీటచింగ్ వాళ్ళకి ఎంత పని పడుతుందో మీకు తెలుసు. పెయింటు మందమైందేమో అనుకుని గీకించాం. తగ్గలేదు. వానలు ముదిరాక మరలు ఉన్నచోటల్లా తెలుపు మీద తుప్పు చుక్కలు పైకి వచ్చాయి. దసరా తర్వాత ఒక కవర్ సాంగ్ రిహార్సల్లో డాన్సర్ వంపు మీద కాలు వేస్తే లోపలి నుంచి విరిగిన చప్పుడు వచ్చింది. అమ్మాయికి ఏమీ కాలేదు. అప్పటికప్పుడు షూట్ ఆపించి, వంపు కోసి లోపల చూశాం.

లోపల 18 మిల్లీమీటర్ల ప్లై రిబ్బులు, అంటే వంపుని మోసే పక్కటెముకల్లాంటి చెక్కలు, అడుగుకొకటి నిలబెట్టి, వాటి మీద 4 మిల్లీమీటర్ల ప్లై రెండు పొరలు వంచి బిగించిన కట్టుబడి అది. వంపు నాలుగడుగుల వ్యాసార్ధం. మొత్తానికీ నీటికి తట్టుకునే మెరైన్ ప్లై, దానికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 710 రకమే కావాలని ఆర్డరు ఇచ్చాను. బిల్లులోనూ అదే ఉంది. డబ్బూ దానికే కట్టాను, మామూలు ప్లైకి కాదు. కానీ లోపల రిబ్బులు పొరలు పొరలుగా విడిపోయి కనిపించాయి. మా మేస్త్రి ఒక ముక్క చేతిలోకి తీసుకుని గోటితో గీరి, "అమ్మా, ఇది మెరైన్ కాదు" అన్నాడు.

ఐఎస్ 710 ప్లై జిగురు 72 గంటలు మరిగే నీళ్ళలో ఉన్నా విడిపోకూడదు. పరీక్ష అదే. మేస్త్రి ఊరుకోలేదు, రిబ్బులోంచి చిన్న ముక్క కోసి స్టూడియో వంటగదిలోనే గిన్నెలో వేసి మరిగించాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి దాని పొరలన్నీ ఊడి నీళ్ళ మీద తేలాయి. ఇళ్ళ లోపల పొడి గదుల్లో బీరువాలకు వాడే తక్కువ రకం ప్లై అది. దాని జిగురు తేమకి ఓర్చుకోదు. మనకా, ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే.

ఇది ముందే ఎలా తెలియలేదని మీరు అడగొచ్చు. ఆ వంపు కొలత ఒక్క మిల్లీమీటరు తేడా రాకూడదని రిబ్బులు డీలరు షెడ్డులోనే మెషీన్ మీద కోయించాం. నాకు చూపించిన షీట్ల మీద ఐఎస్ఐ ముద్ర ఉంది. కోతకి వెళ్ళినవి వేరే షీట్లు. ముక్కలై వచ్చాక దేనిమీదా ముద్ర మిగలదు కదా.

ముక్కలు పట్టుకుని డీలరు దగ్గరికి వెళ్ళాను. ఆయన వాటివైపు చూడనైనా చూడలేదు. "సముద్రం పక్కన ఏ చెక్కయినా అంతేనండీ మేడం" అన్నారు. తర్వాతి ఆర్డరులో కొంత తగ్గిస్తానన్నారు. ఆ తగ్గింపు నాకు అక్కర్లేదని చెప్పి వచ్చేశాను. డబ్బు పోయినదానికంటే ఆ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఇప్పటికీ పెడుతూనే ఉంది. మన ఫిషింగ్ హార్బర్‌లో చెక్క బోట్లు ఉప్పునీళ్ళలోనే ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. విశాఖలో పుట్టి పెరిగిన మనిషికి, సముద్రం దగ్గర చెక్క నిలవదని చెప్తారా? సరుకు మార్చి, నెపం సముద్రం మీద వేస్తారా? ఈ విషయం వినియోగదారుల కమిషన్ ముందు పెడుతున్నాను. బిల్లు, ఉడికిన ముక్క, ఉడకని ముక్క మూడూ భద్రంగా దాచాను.

ఇక నన్ను నిద్రపోనివ్వని నిర్ణయం ఒకటుంది. పాడైన చోట ముక్కలు మార్చి, పుట్టీ కొట్టి, మ్యాట్ తెలుపు వేసేస్తే పుష్యమాసం దాకా నడిపించొచ్చు. శూన్యమాసంలో ఎటూ పెళ్ళి షూట్లు ఉండవు, అప్పుడు తీరిగ్గా పీకొచ్చు. మా ఆయనా, లెక్కలు చూసే అబ్బాయీ, ఈ వ్యాపారంలోనే ఉన్న స్నేహితులూ అందరూ ఇదే చెప్పారు. అది తప్పుడు సలహా అని నేను అనను. కార్తీకం, మార్గశిరం రెండూ కలిపితేనే మాకు ఏడాది అద్దె, బ్యాంకు కిస్తీ గట్టెక్కుతాయి. ప్రీ వెడ్డింగులు, పెళ్ళి చీరల కేటలాగులు, నగల యాడ్లు, అన్నీ ఈ రోజుల్లోనే. ఇప్పుడు మూయడమంటే నోటికాడి కూడు తోసేసుకోవడమే. కాగితం మీద లెక్క వేసిన ప్రతిసారీ నడిపించమనే వచ్చింది.

కానీ ఫ్లోర్‌లోకి వెళ్ళి ఆ వంపు ముందు నిలబడితే వేరేలా అనిపించేది. మా దగ్గరికి మొదటి పుట్టినరోజు షూట్లకి వచ్చే పిల్లలు పాకుతూ నేరుగా ఆ వంపు మీదికే పోతారు. ప్రతి బిడ్డా అంతే, అదేదో కొండలా ఎక్కాలని చూస్తారు. లోపల రిబ్బు పుచ్చిపోయిందని తెలిసి, పైన పుట్టీ రాయించి, ఏమీ ఎరగనట్టు కెమెరా వెనక నిలబడటం నాకు చేతకాదు. ఎటికొప్పాక బొమ్మలవాళ్ళు లక్కరంగుల మెరుపు సరిగ్గా రావాలని అంత దూరం నుంచి బుట్టల్లో సర్దుకుని వస్తారు, పొందూరు ఖద్దరు తెలుపుకీ మన గోడ తెలుపుకీ తేడా తెలియాలని ఒక షాపువాళ్ళు పూటంతా లైట్లు మారుస్తారు. అలల నీడలున్న గోడ ముందు వాళ్ళని నిలబెట్టి పూర్తి అద్దె తీసుకోలేను. అందుకే మూస్తున్నాను. మా ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోలేదు, నేనూ మారలేదు.

పెందుర్తి మాట కూడా తేల్చేస్తాను. లోపలి ఊళ్ళ వైపు అద్దె తక్కువ, తుప్పు తక్కువ, నిజమే. కానీ మీరు నా దగ్గరికి ఎలా వస్తారో నాకు తెలుసు. మనది తూర్పు తీరం, పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది. చీకటితోనే రుషికొండలోనో భీమిలిలోనో మొదలుపెడతారు. తొమ్మిదయ్యేసరికి ఎండ ముఖాల మీద గట్టిగా పడుతుంది, ఇసుక తెల్లబడుతుంది. అప్పుడు తడి బట్టలతో, చెదిరిన మేకప్‌తో ఇక్కడికి వచ్చి, ఏసీలో కూర్చుని, మిగతా సగం ఫ్లోర్‌లో తీసుకుంటారు. సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి తొందరగా దిగిపోతాడు కాబట్టి మళ్ళీ బీచికి వెళ్ళే అవసరమూ పెద్దగా ఉండదు. వాన పడితే రోజంతా ఇక్కడే. బీచికి దగ్గరగా ఉండటమే ఈ స్టూడియోకి అర్థం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మా రేకులు లేపుకుపోయినప్పుడే కదలలేదు. ఒక డీలరు చేసిన పనికి కదులుతానా?

ఈసారి షీట్లు కోయకుండా, ముద్రతోనే, మన ఫ్లోర్ మీదికి వస్తాయి. వేరే ఊరి డీలరు దగ్గర కొంటున్నాను. ప్రతి షీటు నుంచీ ముక్క తీసి మూడు రోజులు మరిగించాకే మేస్త్రి రంపం పెడతాడు. గ్యాసు ఖర్చు చూసి మావాళ్ళు గొణుక్కుంటున్నారు, గొణుక్కోనీ. మరలన్నీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఉప్పుగాలికి అదే తట్టుకుంటుంది. రిబ్బుల వెనక గాలి ఆడేలా సందు వదిలి, మనిషి పాకి వెళ్ళి చూసేలా చిన్న తలుపు పెట్టిస్తున్నాను. పెయింటు పాత తెలుపు రకమే, ఫ్లాష్ పడితే నీలంగా కనిపించే మెరుపు రకాలు వేయను.

చిన్న ఫ్లోర్‌లో 2.72 మీటర్ల వెడల్పు పేపర్ రోల్ బ్యాక్‌డ్రాప్ ఉంది. ఒకరిద్దరి ఫుల్ లెంగ్త్‌కి, చీరలకి, బొమ్మలకి, నగలకి సరిపోతుంది. బైకు షూట్లకీ, గ్రూప్ డాన్స్‌కీ చాలదు. అలాంటివాళ్ళు ఫోన్ చేయండి, ఊళ్ళో పెద్ద ఫ్లోర్ ఖాళీగా ఉన్నచోట నేనే మాట్లాడి పెడతాను, అందులో నాకేమీ కమీషన్ లేదు. లైట్ బాయ్స్‌లో ఎవరినీ తీసేయడం లేదు. ఈ రెండు నెలలూ వాళ్ళ జీతాలు వాళ్ళకి వస్తాయి, మీ బయటి షూట్లకి కావాలంటే పంపిస్తాను.

గోడ కొత్తదైందని షిఫ్టు అద్దె పెంచను. ఇప్పుడు అడ్వాన్స్ వెనక్కి తీసుకుంటున్నవాళ్ళ పేర్లు విడిగా రాసి పెట్టాను. పెయింటు ఆరి, తేదీ ఖాయమయ్యాక ముందు వాళ్ళకే ఫోన్ చేస్తాను, ఆ తర్వాతే మిగతా బుకింగులు.