ఢిల్లీలో మా నాన్నగారిని మాకు అప్పగించిన వారికి కృతజ్ఞతలు

ఫిబ్రవరి రెండో వారంలో మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని నేను, మావారు, మా పిల్లలిద్దరూ ఢిల్లీ చూసి వచ్చాం. తిరిగి ఖమ్మం చేరి పది రోజులైనా ఒక బాకీ మాత్రం తీరకుండా మిగిలిపోయింది. అక్కడ మాకు సాయపడిన వారిలో ఒక్కరి పేరైనా మేము అడిగి తెలుసుకోలేదు. ఆ హడావుడిలో తోచలేదన్నది నిజమే కానీ, అది సాకుగా చెప్పుకోదగినది కాదు. అందుకే నలుగురి ముందూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 33 ఏళ్లు సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. కుతుబ్ మీనార్‌ను నల్లబల్ల మీద సుద్దముక్కతో ఎన్ని వందలసార్లు గీశారో లెక్కలేదు కానీ, డెబ్బై నాలుగేళ్లు వచ్చేదాకా దాన్ని కళ్లతో చూడలేదు. "నేను చూడని దాన్ని పిల్లలకు చెప్పాను, అందులో సగం అబద్ధమేమో" అని ఆయన అప్పుడప్పుడు నవ్వుతూ అనేవారు. ఆ నవ్వు చూసే ఈ ప్రయాణం పెట్టుకున్నాం.

మొదటి కృతజ్ఞత ఒక ఆటో డ్రైవరుకు చెప్పుకోవాలి. మాకు ప్రయాణ ఏర్పాట్లు చేసిన ఏజెంటు ఇచ్చిన కాగితంలో సోమవారం ఉదయం ఎర్రకోట అని రాసి ఉంది. అదే మాట చెప్పి ఆటో ఎక్కబోతుంటే, సోమవారం ఎర్రకోట మూసి ఉంటుందని, పెద్దవాళ్లను అంతదూరం తీసుకెళ్లి గేటు ముందు నిలబెట్టడం ఎందుకని ఆయనే మమ్మల్ని ఆపి, దగ్గర్లోనే ఉన్న హుమాయూన్ సమాధి చూడమని సలహా ఇచ్చారు. దూరం తగ్గితే తనకు వచ్చే కిరాయి తగ్గుతుందని తెలిసి కూడా చెప్పిన మాట అది. ఢిల్లీ ఆటోవాళ్లతో జాగ్రత్తగా ఉండమని బయలుదేరే ముందు మాకు హితబోధ చేసిన బంధువులందరికీ ఈ సంగతి చెప్పాను.

హుమాయూన్ సమాధి దగ్గర మా అమ్మ మోకాళ్లు మొరాయించాయి. ఆ ఎత్తయిన అరుగు మీదికి ఎక్కే మెట్లను చూడగానే ఆమె కిందనే ఉండిపోతానంది. తోటలో పాదులు తవ్వుతున్న ఒక పెద్దావిడ ఆమె నిలబడిన తీరు చూసి, ఎవరూ అడగకుండానే ఎక్కడినుంచో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చెట్టు నీడలో వేసి వెళ్లింది. మేము పైకి వెళ్లి వచ్చిన గంటసేపూ అమ్మ ఆ కుర్చీలోనే ఉంది. పైన నాన్నగారు పిల్లలకు పాఠం మొదలుపెట్టారు. 1556లో పురానా ఖిలాలో మెట్ల మీద నుంచి జారిపడి హుమాయూన్ మరణించాడని, ఆయన భార్య బేగా బేగం పూనికతో పర్షియా నుంచి వచ్చిన మీరక్ మీర్జా గియాస్ దీన్ని కట్టాడని, ఇది పూర్తయిన అరవై ఏళ్లకు గాని తాజ్ మహల్ మొదలు కాలేదని చెప్పుకుపోతుంటే, మా చిన్నవాడు మధ్యలో అందుకుని, "మెట్ల మీద పడి చనిపోయిన రాజుకు ఇన్ని మెట్లు ఎందుకు కట్టారు తాతయ్యా?" అని అడిగాడు. ముప్పై మూడేళ్లలో తనను ఏ విద్యార్థీ ఇలా అడగలేదని నాన్నగారు ఒప్పుకున్నారు.

అసలు రాయవలసింది మంగళవారం సంగతి. ఉదయం ఎర్రకోట చూశాం. లాహోరీ దర్వాజా, ఛత్తా చౌక్ దుకాణాలు, దివాన్-ఎ-ఆమ్ అన్నీ తిరిగాక, 1945లో నేతాజీ సైన్యమైన ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, సహగల్, ధిల్లాన్‌ల మీద విచారణ జరిగింది ఈ కోటలోనేనని చెప్పేటప్పుడు నాన్నగారి గొంతు కాస్త గద్గదమైంది. మధ్యాహ్నం లాల్ ఖిలా స్టేషన్‌లో మెట్రో ఎక్కి, కుతుబ్ మీనార్ వైపు వెళ్లే పసుపు లైను కోసం సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగాం. ప్లాట్‌ఫారం కిక్కిరిసి ఉంది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను, మావారు పిల్లలను పట్టుకున్నారు, నాన్నగారి చెయ్యి మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. జనం తోపులాటలో ఆయన ముందుగా పెట్టెలోకి వెళ్లిపోయారు, తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల కళ్లజోడు సర్దుకుంటూ మా వైపు చూస్తున్న ఆయన ముఖం నాకింకా కళ్లలోనే ఉంది. ఆయన ఫోను నా సంచిలో ఉంది. ఆయనకు హిందీ రాదు.

ఆ తరువాతి నలభై నిమిషాలు ఎలా గడిచాయో వివరించి రాయలేను. మావారు స్టేషన్ సిబ్బంది దగ్గరకు పరుగెత్తారు. వారు వెంటనే ముందున్న స్టేషన్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. అమ్మ వేంకటేశ్వరస్వామికి ముడుపు కట్టేసింది. అటు రైల్లో జరిగినది నాన్నగారు తరువాత చెప్పగా తెలిసింది. భుజాన పుస్తకాల సంచీ ఉన్న ఒక అమ్మాయి, బహుశా కాలేజీ విద్యార్థిని, ఆయన కంగారు గమనించి పలకరించింది. ఆయనకు వచ్చిన బడి ఇంగ్లీషుతో విషయం అర్థం చేసుకుని, జోర్ బాగ్ స్టేషన్‌లో ఆయనతో పాటు తనూ దిగింది. ఎవరికైనా అప్పగించి వెళ్లిపోవచ్చు కానీ వెళ్లలేదు. సి.ఐ.ఎస్.ఎఫ్. జవాను ఒకరు కుర్చీ వేస్తే ఆయనను కూర్చోబెట్టి, తన సంచిలోని మంచినీళ్ల సీసా చేతికిచ్చి, ఇంట్లో వాళ్ల నంబరు చెప్పమని అడిగింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. నా నంబరు గాని, మావారి నంబరు గాని ఆయనకు నోటికి రావు, పేరు నొక్కితే మోగడమే అలవాటు. ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తొచ్చింది ఒకే ఒక్క నంబరు. ఇరవై ఏళ్లుగా బియ్యానికీ కందిపప్పుకూ ఫోను చేసే మా వీధి కిరాణా కొట్టు ల్యాండ్‌లైన్ నంబరును, ఊరి కోడ్ 08742తో సహా, ఎక్కం ఒప్పజెప్పినట్టు చెప్పారట. స్టేషన్ సిబ్బంది తమ ఫోను నుంచే ఆ నంబరు కలిపి ఆయన చేతికిచ్చారు. కొట్టు యజమాని నాన్నగారి పూర్వ విద్యార్థి. గొంతు గుర్తుపట్టి, "ఏంది సార్, ఢిల్లీ పోయి కూడా నాకే ఫోన్ చేస్తున్నరు? ఏం పంపమంటరు?" అని ఆయన అడిగితే, "సరుకులు కాదు నాయనా, నేను తప్పిపోయాను" అని నాన్నగారు చెప్పారట. కొట్టు ఖాతా పుస్తకంలో నా నంబరు ఉంది. రెండో నిమిషంలో ఖమ్మం నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఢిల్లీలో ఒకే మెట్రో దారిలో మూడు స్టేషన్ల దూరంలో ఉన్న మమ్మల్ని ఖమ్మంలోని కిరాణా కొట్టు కలిపింది.

మేము జోర్ బాగ్ చేరేసరికి ఆ అమ్మాయి నాన్నగారి పక్కన నిలబడి ఉంది. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే నేను కూడా అటే చూస్తూ ఉండిపోయాను. అంతలో వచ్చిన రైల్లోకి ఆమె ఎక్కేసింది, అద్దం వెనుక నుంచి చెయ్యి ఊపింది. "చల్లగా ఉండు తల్లీ" అని తాను తెలుగులో దీవించానని, దాని అర్థం అడిగి తెలుసుకుని ఆమె నవ్విందని నాన్నగారు చెప్పారు. ఆయనకు కుర్చీ వేసిన జవానుకు, రెండు స్టేషన్లలోనూ ఫోన్లు పట్టుకుని కూర్చున్న మెట్రో సిబ్బందికి, మా వీధి కొట్టు అన్నయ్యకు మా కుటుంబమంతా చేతులెత్తి నమస్కరిస్తున్నాం.

ఆ సాయంత్రమే కుతుబ్ మీనార్ చూశాం. హోటలుకు పోదామని నేనంటే నాన్నగారు ససేమిరా అన్నారు. కింది మూడు అంతస్తుల ఎర్రరాయికీ, పిడుగు పడ్డాక 1368లో ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించిన పైభాగంలోని పాలరాయికీ తేడా వేలు పెట్టి చూపించారు. లోపలున్న 379 మెట్లు ఎక్కవచ్చా అని పిల్లలు అడిగితే, 1981లో తొక్కిసలాట జరిగి బడిపిల్లలు చనిపోయారని, అప్పటినుంచి ఎవరినీ లోపలికి పంపడం లేదని చెప్పి కాసేపు మౌనంగా ఉండిపోయారు. ఇనుప స్తంభం చుట్టూ కట్టిన కటకటాల దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డారు. ఆ ఇనుములోని భాస్వరం వల్ల తుప్పు పట్టదని ఏటా చెప్పిన పాఠాన్ని, ఆ నల్లటి నునుపును చూస్తూ మళ్లీ తనకు తానే చెప్పుకున్నారు.

బుధవారం ఇండియా గేట్ దగ్గరి నేతాజీ విగ్రహం చూశాం. 28 అడుగుల ఆ విగ్రహానికి కావలసిన 280 టన్నుల ఏకశిల మా ఖమ్మం నుంచే 1,665 కిలోమీటర్లు ప్రయాణించి వెళ్లింది. ముందు రోజు ఎర్రకోటలో చెప్పిన కథకు ఇది కొనసాగింపు అని పిల్లలకు ఎవరూ వివరించవలసిన అవసరం రాలేదు. ఈ రాయి మా ఊరిదని నాన్నగారు వచ్చీరాని హిందీలో చెబితే, అక్కడి కాపలాదారు మా ఆరుగురినీ వరుసగా నిలబెట్టి తానే ఫొటో తీసి ఇచ్చారు. ఆయనకు కూడా కృతజ్ఞతలు.

ఇక ఆ అమ్మాయికి ఒక మాట. ఆమెకు తెలుగు రాదు కాబట్టి ఈ రాత ఆమె చదవలేదు, అయితే ఢిల్లీలో చదువుకుంటున్న తెలుగు పిల్లల్లో ఎవరికైనా ఆమె స్నేహితురాలు కావచ్చు. ఆ రోజు ఆమె ఇచ్చిన మంచినీళ్ల సీసా నాన్నగారి చేతిలోనే ఉండిపోయింది. నీలం రంగు స్టీలు సీసా, అడుగున చిన్న సొట్ట ఉంది, మూత పక్కన పసుపు పిట్ట బొమ్మ అంటించి ఉంది. ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం జోర్ బాగ్ స్టేషన్‌లో ఒక తెలుగు మాస్టారి దగ్గర సీసా పోగొట్టుకున్నానని మీ స్నేహితురాలు ఎవరైనా అంటే, దయచేసి మాకు కబురు చేయండి. దాన్ని కడిగి, తుడిచి, నాన్నగారి పుస్తకాల బీరువాలో పెట్టాం. ఆమె చిరునామా తెలిసిన రోజున ఆయనే స్వయంగా పార్శిల్ కట్టి పంపుతానంటున్నారు.