కొత్త ఎమ్మెల్యేకి శాసనసభ పాత రిపోర్టరు ఉత్తరం

తెనాలి,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ రాఘవులూ,

నిన్న ఫోన్లో సరిగ్గా మాట్లాడుకోవడం కుదరలేదు. నీ వెనక డప్పులు, ఇంటినిండా జనం, ఎవరో "అన్నా, ఎస్సై గారొచ్చారు" అని పిలవడం. గెలిచిన ఇల్లు అలాగే ఉంటుందిలే. మీ అమ్మగారు బతికుంటే ఈపాటికి వచ్చినవాళ్లందరికీ మజ్జిగ కలుపుతూ ఉండేది. ఆ మాటే అనుకుని మీ చెల్లెలు కళ్లొత్తుకుంది.

ఫోను పెట్టేసే ముందు నువ్వన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. "ప్రమాణం అయ్యాక కొత్తవాళ్లకి రెండు రోజులు శిక్షణ తరగతులంటరా, సంతకం పెట్టి వచ్చేస్తే సరిపోతుందంటున్నారు ఇక్కడివాళ్లు" అన్నావు. వద్దురా. రెండు రోజులూ పూర్తిగా కూర్చో. నోటుబుక్కు పట్టుకెళ్లి ముందు వరసలో కూర్చో. సర్పంచిగా రెండుసార్లు చేసినవాడివి, జనం సంగతి నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ సభ సంగతి వేరు. స్పీకరు కుర్చీకి కింద, సభ నడిమధ్యన ఉండే బల్ల దగ్గర కూర్చుని 33 ఏళ్లు తెలుగు షార్ట్‌హ్యాండు రాశాను నేను. మొదట హైదరాబాదులో, 1913లో టౌన్‌హాలుగా కట్టిన ఆ తెల్లటి భవనంలో, 294 మంది ఉన్న సభలో. 2017 మార్చిలో వెలగపూడిలో సభ మొదలయ్యాక అక్కడ, 175 మంది సభలో. ఎంతమంది కొత్తవాళ్లు మొదటి రోజు ఎలా వచ్చారో, అయిదో ఏట ఎలా వెళ్లారో దగ్గర నుంచి చూశాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తీరిక చూసుకుని చదువు.

తరగతుల్లో రాజ్యాంగం చెబుతారు. అవి నీకు ఒకసారి వింటే పట్టుబడతాయి. 188వ అధికరణ ప్రకారం ప్రమాణం చేయాలి. ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటేసినా 193 కింద రోజుకి 500 రూపాయల జరిమానా. అనుమతి లేకుండా 60 రోజులు సభకి రాకపోతే నీ స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. పదోవంతు సభ్యులు లేకపోతే కోరం లేదు, అంటే సభ నడవడానికి చాలినంత మంది లేనట్టు; మనకైతే 18 మంది ఉండాలి. సభలో అన్న మాటకి బయట కోర్టులో కేసు వేయడానికి లేదు, అది 194 ఇచ్చిన రక్షణ. అయితే అదే మాట బయట మైకు ముందు అంటే ఆ రక్షణ లేదు, అది గుర్తుంచుకో. జడ్జీల నడవడి గురించి సభలో మాట్లాడకూడదు. ఇంకోటి, 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది: డబ్బు తీసుకుని సభలో ఓటేసినా, మాట్లాడినా ఆ రక్షణ వర్తించదని. నీకు ఆ మాట చెప్పనవసరం లేదు, నీ పక్కన కూర్చునేవాళ్ల కోసం చెబుతున్నా.

ఇక తరగతుల్లో ఎవరూ అంత గట్టిగా చెప్పని సంగతులు.

మేం రాసేది పుస్తకం అవుతుందిరా. శాసనసభ చర్చలు అని అట్ట మీద ఉంటుంది. లైబ్రరీలో వరసగా బైండు చేసి పెడతారు. టీవీలో నువ్వు పేపర్లు చింపిన బొమ్మ మర్నాటికి పోతుంది, ఆ పుస్తకం మాత్రం మీ మనవలు పోయాక కూడా ఉంటుంది. ఆ పుస్తకంలో నీ పేరు పక్కన ఏముంటుందన్నది నీ చేతిలో పని. నేను ఎన్ని వేలసార్లు బ్రాకెట్లో "అంతరాయం" అని రాశానో లెక్కలేదు. ఇరవై మంది ఒకేసారి లేచి అరిస్తే ఒక్క మాటా చెవిన పడదు, ఆ ఇరవై మంది గొంతు కలిపి ఒకే ఒక్క మాటగా మిగులుతుంది, అంతరాయం. వాళ్లలో న్యాయమైన బాధ చెప్పుకోవడానికి లేచినవాళ్లు ఉండేవాళ్లు. రాయాలని నా చేతికి ఉన్నా, వినపడనిది ఎలా రాస్తాను? మైకు ఇవ్వకముందు మాట్లాడింది ఎవరికీ చేరదు. కాబట్టి చెయ్యెత్తు, స్పీకరు పేరు పిలిచేదాకా ఆగు, మైకు మీద ఎర్రలైటు వెలిగిందో లేదో చూసుకో, "అధ్యక్షా" అని మొదలుపెట్టు. ఎదుటి పక్షం వాడిని తిట్టాలన్నా సరే "అధ్యక్షా" అనే చెప్పాలి. ఆ ఒక్క మాట మనిషి గొంతుని సగం తగ్గిస్తుంది, గమనించు.

ఒక సంగతి చెబుతాను. ఎవరని అడక్కు, చెప్పను. మొదటిసారి గెలిచినాయన. ఫ్లోరైడు నీళ్ల గురించి ఆయన వేసిన ప్రశ్న, మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్ర గుర్తు ప్రశ్నల్లో మూడోదిగా వచ్చింది. మూడోది రావడమంటే అదృష్టం, ఎందుకంటే గంటలో ఆరేడు ప్రశ్నలు తెమిలితే గొప్ప. ఆ ఊరి ఆడవాళ్లు నలుగురు సందర్శకుల గ్యాలరీలో ఉన్నారు. ఒకావిడ మోకాళ్లు వంకర్లు పోయి ఉన్నాయి, మెట్లెక్కడానికి మా అటెండరు సాయం పట్టాడు. స్పీకరు పేరు పిలిచారు. ఇంకోసారి పిలిచారు. కుర్చీ ఖాళీ. ఆయన ఒక మంత్రిగారి గదిలో, ఎవరిదో బదిలీ కాగితం మీద సంతకం కోసం నిలబడి ఉన్నాడు. జవాబు సభ ముందు పెట్టినట్టే భావించి నాలుగో ప్రశ్నకి వెళ్లిపోయారు. అంతా కలిపి అర నిమిషం. నా కాగితం మీద ఒక గీత. తలెత్తి చూస్తే ఆ ఆడవాళ్లకి ఏం జరిగిందో తెలియలేదు, ఇంకా కిందికి వంగి చూస్తూనే ఉన్నారు, వాళ్ల నీళ్ల మాట ఎప్పుడొస్తుందా అని. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

చట్టసభల పనితీరు లెక్కగట్టే పీఆర్ఎస్ సంస్థ ప్రకారం 2023లో మన దేశంలో రాష్ట్రాల శాసనసభలు సగటున 22 రోజులే కూర్చున్నాయి. ఏడాదికి 365 రోజుల్లో 22! మిగతా 343 రోజులూ బదిలీ ఉత్తరాలు, పెళ్లిళ్లు, ప్రారంభోత్సవాలు చూసుకో, ఎవరూ కాదనరు. ఆ ఇరవై పైచిలుకు రోజులు మాత్రం నిన్ను కుర్చీలోంచి ఎవరూ లేపకూడదు. ఇంటి దగ్గర నీ పీఏకి ఇప్పుడే చెప్పిపెట్టు, ప్రశ్నోత్తరాల గంటలో ఫోను తేవద్దని.

ప్రశ్న రాయడం ఒక విద్య. మన కాలువ సంగతే తీసుకో. నువ్వు కోపంగా "చివరి భూములు ఎండిపోతుంటే అధికారులు నిద్రపోతున్నారా?" అని రాశావనుకో, అది నోటీసు దశలోనే పోతుంది. ప్రశ్నలో వాదన ఉండకూడదు, నింద ఉండకూడదు, ఊహ ఉండకూడదు, కోర్టులో ఉన్న విషయం కాకూడదు. అదే ఇలా రాయి: (ఎ) ఫలానా కాలువ చివరి ఆయకట్టుకు గత రెండు ఖరీఫ్‌లలో నీరు అందలేదన్న విషయం వాస్తవమేనా? (బి) అయితే, ఆ రెండేళ్లలో పూడికతీతకు మంజూరైన మొత్తమెంత, ఖర్చయినదెంత? (సి) మిగిలిన పని ఎప్పటిలోగా పూర్తి చేస్తారు? చూశావా, ఇందులో కోపం ఎక్కడా కనపడదు, కానీ తప్పించుకోవడానికి సందు లేదు. (ఎ)కి "లేదండి" అని, మిగతావాటికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని జవాబు రావచ్చు, అది పాత పద్ధతే. అప్పుడే నీ అనుబంధ ప్రశ్న, అంటే మంత్రి జవాబు మీద అక్కడికక్కడే అడిగేది, అక్కరకొస్తుంది. చివరి తూము దగ్గర నువ్వు స్వయంగా నిలబడి, ఫలానా తేదీన నీటిమట్టం ఎంత ఉందో చూసి రాసుకుని ఉండాలి. ఉపన్యాసం వద్దు, రెండు వాక్యాలు చాలు. సభలో అంకె చెప్పినవాడి వైపు అందరూ తిరిగి చూస్తారు, అధికారుల గ్యాలరీలో కాగితాలు తిరగేస్తారు. ఆ కాగితాల చప్పుడు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మంత్రి లేచి "పరిశీలిస్తాం" అన్నారనుకో. చాలామంది అక్కడితో ధన్యవాదాలు చెప్పి కూర్చుంటారు, ఇక మర్చిపోతారు. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. సభలో మంత్రి ఇచ్చిన మాటలన్నీ పోగుచేసి, ఏది నెరవేరింది, ఏది లేదు అని శాఖల్ని అడగడమే దాని పని. ఆ తేదీ, ఆ పేజీ పట్టుకుని కమిటీ సెక్షన్‌కి వెళ్లి, ఇది హామీగా తీసుకున్నారా అని అడుగు. ఒక పెద్దమనిషి ఒక వంతెన కోసం మూడేళ్లు అలా తిరిగాడు, ప్రతి సమావేశానికీ ఆ పేజీ జిరాక్సు జేబులో పెట్టుకుని. నాలుగో ఏట వంతెన కట్టారు. ఆయన గొంతు సభలో పెద్దగా వినపడేది కాదు, పత్రికల్లో పేరు వచ్చేది కాదు.

బడ్జెట్ పుస్తకాల మూట ఇస్తారు, అట్టపెట్టె నిండా. దాదాపు అందరూ కారు డిక్కీలో వేసి మర్చిపోతారు. నువ్వు అన్నీ చదవక్కర్లేదు, నీకు తెలిసిన రెండు శాఖలు తీసుకో, నీటిపారుదల, చదువు. ఒక్కో పద్దు ఎదురుగా ముందటేడు నిజంగా ఎంత ఖర్చయింది, నిరుడు ఎంత ఇస్తామన్నారు, సవరించాక ఎంతకి దిగింది, ఈ ఏడు ఎంత అంటున్నారు అని అంకెలు పక్కపక్కన ఉంటాయి. పంచాయతీ లెక్కలు చూసిన కళ్లే కదా నీవి, ఇవీ అంతే, సున్నాలు ఎక్కువ. పద్దుల చర్చ రోజు కోత తీర్మానం ఇవ్వవచ్చు, ఆ శాఖ మొత్తంలోంచి 100 రూపాయలు తగ్గించాలని. వంద రూపాయల కోసం కాదది, ఫలానా పని ఎందుకు కాలేదో చెప్పమని నిలదీయడానికి దారి. అధికారపక్షంలో ఉన్నవాడివి గనక అది నువ్వు ఇవ్వకపోవచ్చు, కానీ ఎవరైనా ఇస్తే శ్రద్ధగా విను. సమయం అయిపోతే చివరి రోజు మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఓటుకి పెట్టేస్తారు, గిలెటిన్ అంటారు. వేల కోట్లు నిమిషాల్లో మూజువాణి ఓటుతో వెళ్లిపోవడం రాస్తున్నప్పుడు నా చెయ్యి తడబడేది కాదు గానీ మనసు తడబడేది.

విప్ గురించి, అదే ఇలా ఓటెయ్యమని పార్టీ ఇచ్చే ఆదేశం గురించి, భయపెడతారు. ఓటింగులో పార్టీ విప్ ధిక్కరిస్తే 1985లో వచ్చిన పదో షెడ్యూలు కింద సభ్యత్వం పోతుంది, నిజమే. ప్రశ్న అడగడానికి మాత్రం ఆ షెడ్యూలు అడ్డు రాదు. నీ ప్రభుత్వాన్ని నువ్వే నీళ్ల గురించి అడిగితే అది ద్రోహం కాదురా.

గుమ్మడి నర్సయ్య గారి మాటలు రాసే భాగ్యం నాకు కలిగింది. ఇల్లెందు నుంచి 5 సార్లు గెలిచారు, సైకిలు మీద తిరిగిన మనిషి. ఆయన లేచారంటే అడవి పల్లె ఏదో సభలోకి వచ్చినట్టుండేది. అంతకు ముందు తరం వాళ్లని పాత సంపుటాల్లో చదువుకున్నాను. సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్య గారు తెలుగు అధికార భాష కావాలని ఎంత పట్టుగా అడిగారో తెలుసా? 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. నువ్వు ఒక రోజు ముందే వెళ్లు, లైబ్రరీలో ఆ సంపుటాలు తీయించుకుని ఓ మధ్యాహ్నం కూర్చో. శిక్షణలో అది లేదు, నా మాట మీద చెయ్యి.

మీ చెల్లెలు ప్రమాణం రోజు వస్తానంటోంది, గ్యాలరీ పాసులు రెండు తీసి ఉంచు. అరిసెలు చేసి తెస్తుందట, సభలోకి తేకూడదని చెప్పాను, మీ ఇంటికే తెస్తుంది. ప్రమాణ పత్రం ముందురోజు ఇస్తే గట్టిగా నాలుగుసార్లు చదువుకో, "సార్వభౌమాధికారాన్ని" దగ్గర చాలామంది తడబడతారు.

కాలువ ప్రశ్న నీ చేత్తో రాసి నాకు పంపు. ఎర్రసిరాతో దిద్ది తిరుగు టపాలో పంపుతాను. ముందు మాత్రం చివరి తూము దగ్గరకి వెళ్లి రా, ఈ వారంలోనే, ఎవరికీ చెప్పకుండా, తెల్లారగట్ల. కొలబద్ద మీద అంకె రాసుకో. తరగతులకి వెళ్లేటప్పుడు కళ్లజోడు మర్చిపోకు, రూల్సు పుస్తకంలో అక్షరాలు చాలా సన్నం.

నీ
మూర్తి