అన్నకు క్యాన్సర్ వస్తే తమ్ముణ్ని ఎవరూ అడగలేదు

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా అన్నయ్యకు 29వ ఏట వృషణాల క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో అయ్యాయి, ఇప్పుడు బాగున్నాడు. ఆ ఏడాదంతా ఆస్పత్రికి వెంట తిరిగింది నేనే. ఒక్క డాక్టరైనా "నువ్వు తమ్ముడివి కదా, ఓసారి చూపించుకో" అనలేదు. అన్నదమ్ముల్లో ఒకరికి ఈ క్యాన్సర్ వస్తే రెండోవాడికి వచ్చే అవకాశం మిగతా మగవాళ్ల కంటే 8 నుంచి 10 రెట్లు ఎక్కువని తర్వాతెప్పుడో చదివాను. అసలే అరుదైన జబ్బు, అన్ని రెట్లు పెరిగినా ఎక్కువమందికి రాదు. కానీ నొప్పి లేని గడ్డ చేతికి తగిలితే సిగ్గుపడి దాచుకోకూడదని నాకు ఆ రోజే ఎవరో చెప్పాల్సింది.

మా మేనల్లుడిది ఇంకో బాధ. నడక ఆలస్యమైంది. నేల మీంచి లేవాలంటే తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేచేవాడు. రక్తంలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు ఎక్కువున్నాయని ఏడాది పాటు లివర్‌కు మందులు వాడించారు. ఆ ఎంజైములు దెబ్బతిన్న కండరాల్లోంచి కూడా వస్తాయని ఎవరికీ తట్టలేదు. కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీకే అనే మామూలు రక్తపరీక్ష చాలు అనుమానం రావడానికి. చివరికి కండరాలు క్రమంగా క్షీణించే డుషేన్ మస్కులర్ డిస్ట్రోఫీ అని తేలింది.

రెండూ వంశంలో వచ్చేవే అయినా రెంటినీ ఒకే గాటన కట్టకండి. డుషేన్‌లో లోపం ఒక్క జన్యువుది, ఎక్స్ క్రోమోజోము మీది డిస్ట్రోఫిన్ జన్యువుది. పరీక్ష చేస్తే సాధారణంగా దొరుకుతుంది. వృషణాల క్యాన్సర్‌కు అలాంటి ఒక్క జన్యువంటూ లేదు. 2009లో కేఐటీఎల్‌జీ అనే జన్యువు దగ్గర ముప్పు పెంచే ఒక తేడా దొరికింది, తర్వాత పదుల కొద్దీ దొరికాయి. ఒక్కోటీ ముప్పును కొంత పెంచుతుందంతే. కాబట్టి జన్యు పరీక్ష చేసినా నాలాంటి తమ్ముడికి నీకు వస్తుందనో రాదనో తేల్చి చెప్పలేరు. ఇక్కడ పనికొచ్చేది "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అనే ప్రశ్న. దాన్ని ప్రతి కేస్‌షీటులో తప్పనిసరి చేయించండి, దానికి ఖర్చేమీ లేదు.

నడక వెనకబడ్డ మగపిల్లలకు సీకే పరీక్ష రాయమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఆదేశాలివ్వండి.

అన్నిటికంటే ముందు, వంశంలో వచ్చే జబ్బుల గురించి కుటుంబాలకు వివరించి సలహా చెప్పే జన్యు కౌన్సిలర్లను నియమించండి. బాబు జబ్బు మా అక్క వల్లే వచ్చిందని బావ తరఫువాళ్లు అన్నారు. దాదాపు మూడో వంతు కేసుల్లో లోపం బిడ్డలోనే కొత్తగా పుడుతుందని, తల్లి క్యారియర్ (లోపమున్న జన్యువును మోసే మనిషి) కాదని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. అక్క క్యారియరా కాదా అని తేల్చే పరీక్ష ఇంకా కాలేదు. మొన్న మా చెల్లెలు ఫోన్ చేసి, "నేను కూడా చేయించుకోవాలా అన్నయ్యా, పిల్లలు పుట్టకముందే?" అని అడిగింది. ఎవరిని అడిగి చెప్పాలో నాకు తెలియలేదు.