హాల్ టికెట్ మీద ఆ నంబరూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయం హాస్టళ్ల దగ్గర పదహారేళ్లుగా జిరాక్స్ అంగడి నడుపుతున్నాను. పిల్లలు సోషల్ మీడియాలో పడి ఒంటరివాళ్లయిపోతున్నారని ఈ మధ్య అందరూ అంటున్నారు. నా అంగట్లోంచి కనబడేది కూడా చెబుదామని ఈ ఉత్తరం.

ఒకప్పుడు పరీక్షలొస్తే ఒకడి నోట్సు కోసం ఐదారుగురు నా బెంచీ మీద కాచుకుని కూర్చునేవాళ్లు. కరెంటు పోయిందా, ఇంక టీలు, జగడాలు, నవ్వులు. ఇప్పుడు నోట్సు వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తోంది. వచ్చేది ఒక్కడే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. స్కాన్ చేస్తాడు, డబ్బులు పడ్డాయని సౌండ్ బాక్స్ అరుస్తుంది, పోతాడు. అంగట్లో మాట్లాడేది ఆ పెట్టె ఒక్కటే.

పోయినేడాది రాయదుర్గం వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పీజీ పిల్లోడు రోజూ సాయంత్రం ఆరింటికి ఒక్క పేజీ ప్రింటు తీయించుకునేవాడు. వారం తర్వాత చూస్తే అదే పేజీ. "ఏమప్పా, ఇది నిన్న తీసిందే గదా?" అన్నాను. "ఉండనీలే అన్నా" అని నవ్వి బెంచీ మీద కూర్చున్నాడు. రెండు రూపాయలిచ్చి కాసేపు కూర్చునే చోటు కొనుక్కుంటున్నాడని అప్పటికి గానీ నాకు తట్టలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో వెయ్యిమందికి పైగా ఫాలోవర్లట. గదిలో ఉన్న ఇద్దరితో మాత్రం మెస్ బిల్లు సంగతి తప్ప మాటల్లేవు.

ఫోన్లు లాక్కోమనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇంటికి మాట్లాడాలన్నా, ఫీజు కట్టాలన్నా అదే దిక్కు. బైండింగ్‌కి వచ్చిన ఒక సైకాలజీ ప్రాజెక్టులో చదివాను (బైండింగ్ చేసేవాడు చదవకూడదని రూలేం లేదు గదా). అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 143 మంది విద్యార్థులతో చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కొక్కటి రోజుకు 10 నిమిషాలే చూసినవాళ్లకు మూడు వారాల్లో ఒంటరితనం, దిగులు తగ్గాయట. మానేయలేదు, తగ్గించారంతే. సరే, మనవాడూ తగ్గిస్తాడు. మిగిలిన సాయంత్రం ఎక్కడికి పోవాలి? నేను చూసే హాస్టల్లో గ్రౌండు లైట్లు వెలగవు, రీడింగ్ రూముకు ఆరింటికల్లా తాళం పడుతుంది.

విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. మన జిల్లాలో ఎన్ని కాలేజీలు పెట్టుకున్నాయో అధికారులు పత్రికాముఖంగా చెబితే బాగుంటుంది.

అది తేలేలోపు కాసింత సిరాతో అయ్యే పని ఒకటుంది. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సాయం ఒకటుంది, పేరు టెలిమానస్, నంబరు 14416. రాత్రీపగలూ ఎత్తుతారు, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రతి సెమిస్టరుకూ వందల హాల్ టికెట్లు నా మిషన్లోంచే బయటికొస్తాయి. కింద కాపీ కొడితే డిబార్ అంటూ నాలుగు వరుసల హెచ్చరికలుంటాయి. ఐదో వరుసకు చోటుంది, నేను చూశాను.

– ఒక జిరాక్స్ అంగడి యజమాని, అనంతపురం